రిపేరు చేసి వాడే సైనిక విడిభాగాలు: ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

సైనిక స్పేర్ పార్టుల గురించి వార్త వచ్చిందంటే అది దాదాపు ఎప్పుడూ ధర గురించే. 2024 అక్టోబరులో అమెరికా రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఇచ్చిన నివేదికనే తీసుకోండి. సి-17 రవాణా విమానాల బాత్రూముల్లో బిగించే సబ్బు డిస్పెన్సర్లకు వైమానిక దళం మార్కెట్ ధర కంటే 80 రెట్లకు పైగా చెల్లించిందని అందులో తేలింది. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది, బోలెడు జోకులు పేలాయి. డిస్పెన్సర్ల మీద అదనంగా పోయిన సొమ్ము 1,49,072 డాలర్లు. వాటితో సహా 12 రకాల విడిభాగాల మీద కలిపి చూసినా అధికంగా చెల్లించింది దాదాపు 10 లక్షల డాలర్లు.

దోపిడీ చిన్నదైనా దోపిడీయే, వదిలేయమని ఎవరూ అనరు. కానీ సైనిక విడిభాగాల మీద పెట్టే డబ్బులో పెద్ద వాటా సబ్బు డిస్పెన్సర్ల లాంటి వాటికి పోదు. పాడైతే పారేయకుండా బాగుచేసి మళ్ళీ వాడే భాగాలకు పోతుంది: రాడార్ యూనిట్లు, హైడ్రాలిక్ పంపులు, జనరేటర్లు, ఇంజిన్ మాడ్యూళ్ళు, హెలికాప్టర్ గేర్‌బాక్సులు, ట్యాంకు ట్రాన్స్‌మిషన్లు. వీటిని రిపేరబుల్స్ అంటారు. బోల్టులు, ఫిల్టర్లు, సీళ్ళు లాంటివి ఒకసారి వాడి పారేసేవి, అవి కన్స్యూమబుల్స్. సంఖ్యలో చూస్తే కన్స్యూమబుల్సే ఎక్కువ. డబ్బులో చూస్తే రిపేరబుల్సే బరువు. వీటి ఖర్చు ఇన్వాయిస్ చూస్తే అర్థం కాదు. ఎందుకంటే ఒక రిపేరబుల్ కొన్న రోజుతో దాని ఖర్చు ముగిసిపోదు. పాడవడం, డిపోకి (సైన్యపు పెద్ద రిపేరు కేంద్రానికి) వెళ్ళడం, బాగై రావడం, మళ్ళీ పాడవడం, ఇలా 20, 30 ఏళ్ళు తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరుగుడుకు ఎన్ని రోజులు పడుతుందన్నదే ఖర్చులో సింహభాగాన్ని తేలుస్తుందని నా అభిప్రాయం. అందుకు కారణాలు చూద్దాం.

ముందు ఆ తిరుగుడు ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. విమానం నుంచి ఊడదీసిన పంపుకి అమెరికా సైన్యంలో మెకానిక్ ఒక ఆకుపచ్చ ట్యాగ్ కడతాడు. దాని ఫారం నంబరు డీడీ 1577-2. ఇది పనిచేయడం లేదు, కానీ బాగుచేయొచ్చు అని దానర్థం. పసుపు ట్యాగ్ ఉంటే తీసుకెళ్ళి బిగించుకోవచ్చు. ఎరుపు ట్యాగ్ పడితే తుక్కు కిందికే. కంప్యూటర్ రికార్డులో ఆకుపచ్చ ట్యాగ్ వస్తువుకు ‘ఎఫ్’ అనే కండిషన్ కోడ్ ఉంటుంది. రిపేరు మొదలయ్యాక అది ‘ఎం’ అవుతుంది. లోపలి భాగమేదో దొరక్క పని ఆగిపోతే ‘జి’. బాగై, పరీక్ష పాసై బయటికొస్తే ‘ఎ’. ఒక పంపు జీవితమంతా ఈ నాలుగు అక్షరాల మధ్య నడుస్తుంది. ఏ అక్షరం దగ్గర ఎన్ని రోజులు ఉండిపోయింది అన్నది ఎవరైనా లెక్కగా చూస్తున్నారా అంటే, చాలా చోట్ల చూడరు.

ఆ పంపు ఎంత దూరం వెళ్ళి బాగుపడాలి అన్నది విమానం ఇంకా డిజైన్ దశలో ఉండగానే తేలిపోతుంది. ప్రతి భాగానికీ ఐదక్షరాల కోడ్ ఒకటి ఇస్తారు. ఉదాహరణకి పీఏఓడీడీ. మొదటి రెండక్షరాలు ఈ వస్తువు కొని స్టాకులో పెట్టాలని చెబుతాయి. మూడోది, స్క్వాడ్రన్ (విమానాలు నడిపే దళం) స్థాయిలోనే ఊడదీసి బిగించవచ్చని. నాలుగోది, పూర్తి రిపేరు డిపోలోనే చేయాలని. ఐదోది, పనికిరాదని తేల్చే అధికారం కూడా డిపోదేనని. ఈ చివరి రెండు అక్షరాల వెనక ఒక పెద్ద బేరం ఉంటుంది. ప్రతి స్థావరంలోనూ ఖరీదైన టెస్ట్ బెంచీ (భాగాన్ని పెట్టి పరీక్షించే పరికరం), శిక్షణ పొందిన మనుషులు పెడితే రిపేరు త్వరగా అవుతుంది, స్పేర్లు తక్కువ సరిపోతాయి. అంతా ఒకే డిపోలో పెడితే బెంచీల ఖర్చు తగ్గుతుంది, కానీ రానుపోను రోజులు పెరుగుతాయి, ఆ రోజులకు సరిపడా అదనపు స్పేర్లు కొనాలి. ఏది చౌకో తేల్చే లెక్కను లెవెల్ ఆఫ్ రిపేర్ అనాలసిస్ అంటారు. లెక్క సూత్రం సరైనదే. చిక్కు ఏమిటంటే అందులో వేసుకునే రిపేరు రోజులు డిజైన్ ఇంజినీరు ఆశ మాత్రమే. విమానం వాడుకలోకి వచ్చాక ఆ అంకె మారుతుంది, కోడ్ మాత్రం అంత తేలిగ్గా మారదు.

రోజులే డబ్బు

ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. 300 విమానాల దళం ఉంది. ఒక్కొక్కటి నెలకు 20 గంటలు ఎగురుతుంది. అంటే మొత్తం 6,000 గంటలు. ఒక జనరేటర్ సగటున 500 గంటలకోసారి పాడై ఊడదీయాల్సి వస్తుంది. నెలకు 12 ఊడతాయి. ఊడదీసిన రోజు నుంచి బాగై మళ్ళీ షెల్ఫ్ మీదకి వచ్చేదాకా 3 నెలలు పడుతుందనుకుందాం. అప్పుడు ఏ రోజు చూసినా సగటున 36 జనరేటర్లు దారిలోనో, గోడౌన్లోనో, రిపేరు బల్ల మీదో ఉంటాయి. ఒక్కోటి 4 లక్షల డాలర్లయితే, ఎవరికీ పనికిరాకుండా తిరుగుతున్న సరుకు విలువ 1 కోటి 44 లక్షల డాలర్లు. దీన్నే పైప్‌లైన్ అంటారు.

అంతటితో అయిపోదు. 36 అనేది సగటు. ఒక నెల 9 ఊడతాయి, ఇంకో నెల 17. విమానాలు నేల మీద ఆగిపోకూడదంటే సగటు కంటే ఎక్కువ ఉంచుకోవాలి. 95 శాతం ధీమా కావాలంటే దాదాపు 46 కొనాలి. ఇప్పుడు 3 నెలలను ఒక నెలకు తగ్గించండి. పైప్‌లైన్ 12కి పడిపోతుంది, అదే ధీమాకు 18 చాలు. 46కీ 18కీ తేడా 28 జనరేటర్లు, 1 కోటి 12 లక్షల డాలర్లు. ఒకే ఒక్క పార్ట్ నంబరు మీద. తయారీదారుతో ధర గురించి గీచి గీచి బేరమాడి 5 శాతం తగ్గించుకున్నా 46 జనరేటర్ల మీద మిగిలేది 9 లక్షల 20 వేలు.

ఈ లెక్క వెనక ఉన్న గణితం పాతదే. స్వీడన్‌కు చెందిన కోన్నీ పామ్ 1938లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మీద పనిచేస్తూ ఒక సిద్ధాంతం నిరూపించాడు. పాడవడం యాదృచ్ఛికంగా జరుగుతుంటే, రిపేరులో ఉన్నవాటి సంఖ్య ఎలా మారుతుందో చెప్పడానికి రిపేరు సమయపు సగటు ఒక్కటి తెలిస్తే చాలు. ఆ సమయం ఏ రూపంలో చెదిరి ఉందన్నది అక్కర్లేదు. టెలిఫోన్ కాల్స్ కోసం పుట్టిన ఈ ఫలితం మీదే సైనిక స్పేర్ల లెక్కలన్నీ నిలబడ్డాయి. అయితే ఇందులో ఒక షరతు దాగి ఉంది. రిపేరుకు వచ్చిన ప్రతి వస్తువుకూ వెంటనే ఒక బల్ల, ఒక మెకానిక్ దొరుకుతారని ఇది అనుకుంటుంది. నిజమైన డిపోలో క్యూ ఉంటుంది. డిపో సామర్థ్యానికి దగ్గరగా పని వచ్చిపడితే క్యూ మెల్లగా పెరగదు, ఒక్కసారిగా ఉబ్బుతుంది. బడ్జెట్ కోసి నలుగురు టెక్నీషియన్లను తగ్గిస్తే జీతాల్లో మిగిలేది కనిపిస్తుంది. క్యూ పెరిగి కొనాల్సి వచ్చిన అదనపు జనరేటర్ల బిల్లు రెండేళ్ళ తర్వాత వేరే పద్దు కింద, వేరే ఆఫీసర్ టేబుల్ మీదికి వస్తుంది.

ఆ మూడు నెలల్లో చేతిలో పానా పట్టుకుని పని చేసే సమయం ఎంత? చాలా భాగాలకు కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు. మిగతాదంతా ఎదురుచూపే. స్థావరంలో ట్రక్కు నిండేదాకా ఆగడం, డిపో గేటు దగ్గర రికార్డులు సరిపోలక ఆగడం, బ్యాచ్ అయ్యేదాకా ఆగడం. వీటన్నిట్లోకీ నొప్పి పుట్టించేది ఆ ‘జి’ కోడ్. 4 లక్షల డాలర్ల జనరేటర్ విప్పేసి ఉంటుంది, అందులో వేయాల్సిన ఒక సీలో, బేరింగో దొరకదు. ఆ సీలు కన్స్యూమబుల్ కాబట్టి దాన్ని కొనేది ఇంకో సంస్థ. అమెరికాలో ఆ పని ఎక్కువగా డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీది. ఆ సంస్థ పనితీరును కొలిచేది అడిగినవాటిలో ఎంత శాతం వెంటనే ఇచ్చారన్న అంకెతో. 100 రకాలు అడిగితే 90 ఇచ్చారు, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒక జనరేటర్ రిపేరుకు 10 రకాలు కావాలి, ఒక్కో రకం దొరికే అవకాశం 90 శాతం అయితే, పదీ ఒకేసారి దొరికే అవకాశం 35 శాతమే. రిపోర్టులో 90 శాతం వెలిగిపోతూ ఉంటుంది, డిపోలో మూడింట రెండు జనరేటర్లు విప్పేసి పడి ఉంటాయి. ఈ ఒక్క లెక్క అర్థమైతే సీళ్ళు, బేరింగుల విషయంలో పిసినారితనం ఎంత ఖరీదో తెలుస్తుంది.

ఎక్కడ ఎన్ని ఉంచాలి?

పైప్‌లైన్ ఎంత తగ్గించినా కొంత స్టాక్ తప్పదు. దాన్ని స్థావరాల్లో ఉంచాలా, డిపోలో ఉంచాలా? ఈ ప్రశ్నకు 1960ల్లో అమెరికా పరిశోధనా సంస్థ ర్యాండ్‌లో పనిచేసిన క్రెయిగ్ షెర్బ్రుక్ ఒక పద్ధతి ఇచ్చాడు. 1968లో ప్రచురితమైన ఆ పద్ధతి పేరు మెట్రిక్. 1973లో జాన్ మక్‌స్టాడ్ దాన్ని ఒక అడుగు లోపలికి తీసుకెళ్ళాడు. ఇంజిన్ ఒక వస్తువు, దాని లోపలి మాడ్యూళ్ళు వేరే వస్తువులు, రెండిటి లెక్కా కలిపి చూడాలన్నాడు.

గణితం వదిలేసి అసలు ఆలోచన చూస్తే, అంతకు ముందు దాకా ప్రతి భాగాన్నీ విడివిడిగా చూసేవారు. ప్రతిదీ 95 శాతం సార్లు దొరకాలి అన్నట్టు. షెర్బ్రుక్ ప్రశ్నను తిరగేశాడు. నా దగ్గర ఇంకో లక్ష డాలర్లున్నాయి, దేని మీద పెడితే నేల మీద ఆగిపోయే విమానాలు ఎక్కువగా తగ్గుతాయి? అలా అడగ్గానే జవాబు మారిపోతుంది. 3 వేల డాలర్ల వాల్వు లేకపోయినా విమానం ఎగరదు, 9 లక్షల డాలర్ల రాడార్ యూనిట్ లేకపోయినా ఎగరదు. మరి వాల్వులు ఎప్పుడూ దొరికేంత పెట్టుకుని, రాడార్ యూనిట్ విషయంలో కొంచెం రిస్క్ తీసుకోవచ్చు. అన్నిటికీ ఒకే శాతం పెట్టడం వినడానికి న్యాయంగా ఉంటుంది, ఖర్చులో మాత్రం శుద్ధ దండగ.

ఆడిటర్లకు ఈ పద్ధతి వివరించడం అంత సులువు కాదు. రాడార్ యూనిట్ స్టాకు నిండుకుందని నివేదిక వస్తే, అది లెక్క ప్రకారం తీసుకున్న రిస్కేనని చెప్పుకోవడం ఏ అధికారికైనా టెన్షనే. అందుకే సాఫ్ట్‌వేర్‌లో మెట్రిక్ తరహా లెక్క ఉన్నా, మీటింగుల్లో మాత్రం పాత శాతాలే రాజ్యమేలుతుంటాయి.

ఉచితమైతే ఒక తంటా, ధర పెడితే ఇంకో తంటా

1980ల ముందు అమెరికా సైన్యంలో రిపేరబుల్స్ వాటిని వాడే సైనిక యూనిట్లకు ఉచితం. కేంద్ర నిధులతో కొనేవారు, యూనిట్ అడిగితే ఇచ్చేవారు. ఉచితంగా దొరికేదాన్ని ఎలా వాడతారో చెప్పక్కర్లేదు. అనుమానం వస్తే చాలు మార్చేయడం, పాడైన భాగాన్ని తిరిగి పంపడంలో తాత్సారం చేయడం, ఎందుకైనా మంచిదని షెల్ఫులో రెండు అదనంగా దాచుకోవడం. 1980ల్లో నేవీ, 1990ల మొదట్లో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ పద్ధతి మార్చాయి. యూనిట్ తన నిర్వహణ బడ్జెట్ నుంచి డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఆ డబ్బు వర్కింగ్ క్యాపిటల్ ఫండ్‌లోకి వెళ్తుంది, ఫండ్ ఆ డబ్బుతో డిపోకి రిపేరు ఖర్చు కడుతుంది. లాభం లేదు, నష్టం లేదు అన్నది నియమం.

ధరలు రెండు. పాడైన భాగం ఇచ్చి బాగైనది తీసుకుంటే తక్కువ ధర, ఇవ్వకపోతే పూర్తి ధర. ఖాళీ గ్యాస్ సిలిండర్ ఇచ్చి నిండుది తీసుకోవడం లాంటిదే. పాడైన భాగాన్ని వాళ్ళు కార్కస్ అంటారు, అది నిర్ణీత గడువులో డిపోకి చేరకపోతే తేడా మొత్తం యూనిట్ ఖాతాలో పడుతుంది. ఇది బాగా పనిచేసిందనే చెప్పాలి. కార్కస్‌కి డబ్బు విలువ ఉందని తెలిశాక అవి గోడౌన్ మూలల్లోంచి బయటికొచ్చాయి.

కానీ తక్కువ ధర అన్నాం కదా, అది ఎంత? మళ్ళీ మన జనరేటర్ దగ్గరికే వెళ్దాం. డిపోలో రిపేరుకు సగటున 60 వేలు. వందకు 5 జనరేటర్లు బాగుకావు, వాటి బదులు కొత్తవి కొనాలి. 95 రిపేర్లు, 5 కొత్తవి కలిపి వందకు పంచితే ఒక్కోదానికి 77 వేలు. దాని మీద గోడౌన్లు, రవాణా, ఉద్యోగుల జీతాలు, పోయినేడాది వచ్చిన నష్టం, అన్నీ కలిపి ఇంకో 23 వేలు అనుకుందాం. మొత్తం లక్ష. స్క్వాడ్రన్ కమాండర్‌కు కనిపించేది ఈ లక్షే.

ఇప్పుడు ఆయన బుర్రకు ఒక ఆలోచన వస్తుంది. దగ్గర్లోని వర్క్‌షాపులో 40 వేలకు బాగుచేయించుకుంటే 60 వేలు మిగులుతాయి కదా! ఆయన బడ్జెట్ వరకు అది నిజమే. కానీ డిపో రిపేరు ఖర్చు 60 వేలలో సగం భవనాలు, యంత్రాలు, శాశ్వత ఉద్యోగులదైతే, ఆ జనరేటర్ డిపోకి రాకపోతే తగ్గేది మిగతా 30 వేలే. 23 వేల ఓవర్‌హెడ్‌లోనూ చాలా భాగం ఎక్కడికీ పోదు. అంటే సర్కారుకు 30 వేలు మిగిలాయి, 40 వేలు ఖర్చయ్యాయి. కమాండర్‌కు 60 వేల ఆదా అనిపించింది ప్రజలకు దాదాపు 10 వేల నష్టం. పైగా డిపోకి పని తగ్గింది కాబట్టి అదే స్థిర ఖర్చును తక్కువ జనరేటర్ల మీద పంచాలి. వచ్చే ఏడాది ధర లక్షా పది వేలు అవుతుంది. మరో ఇద్దరు కమాండర్లు వర్క్‌షాపు బాట పడతారు. మళ్ళీ ధర పెరుగుతుంది. ఈ సుడిగుండంలో ఎవరూ తప్పు చేయడం లేదు, ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే ఉంది. తప్పు ధర కట్టిన తీరులో ఉంది. ఒక్కో రిపేరుతో నిజంగా పెరిగే ఖర్చునే ధరలో పెట్టి, స్థిర ఖర్చును బడ్జెట్ నుంచి నేరుగా ఇవ్వాలని 1990ల్లో ర్యాండ్ విశ్లేషకులు వాదించింది ఇందుకే.

ఇంకో చికాకు ఏమిటంటే ఈ ధరలు బడ్జెట్ క్యాలెండర్ ప్రకారం ఏడాదిన్నర ముందే ఖరారవుతాయి. మధ్యలో యుద్ధం వస్తే వాడకం అంచనాలు తలకిందులవుతాయి. ఫండ్‌కు ఒక ఏడాది లాభం, ఇంకో ఏడాది నష్టం, దాన్ని సర్దడానికి ఆ తర్వాతి ఏడాది ధరలో దూకుడు. యూనిట్ దృష్టిలో అదే జనరేటర్, అదే రిపేరు, ధర మాత్రం ఏటా ఎగుడుదిగుడు.

పాడవకుండానే రిపేరుకు వెళ్ళేవి

ఊడదీసి పంపిన భాగాల్లో గణనీయమైన వాటా డిపో బెంచీ మీద పెడితే ఏ లోపమూ చూపించవు. దీన్ని నో ఫాల్ట్ ఫౌండ్ అంటారు. ఎలక్ట్రానిక్ యూనిట్లలో ఈ బెడద మరీ ఎక్కువ. మన లెక్కలో నెలకు ఊడే 12లో 4 ఇలాంటివైతే, మూడు నెలల చక్రంలో ఏ రోజైనా 12 మంచి జనరేటర్లు, అంటే 48 లక్షల డాలర్ల సరుకు, ఊరికే తిరుగుతున్నట్టు.

కొన్నిసార్లు తప్పు మెకానిక్‌ది. లోపం వైరింగులో ఉంటే యూనిట్ మార్చేస్తాడు. ఆరు గంటల్లో విమానం ఎగరాలి, వైరు వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఉండదు, అతన్ని అనడానికి లేదు. కానీ చాలాసార్లు లోపం నిజంగానే ఉంటుంది, బెంచీకి దొరకదు. సోల్డర్ జాయింట్‌లో సన్నటి పగులు 30 వేల అడుగుల ఎత్తులో చలికి, కుదుపుకి మాత్రమే విడిపోతుంది. గదిలో నిశ్చలంగా పెట్టి ఒక్కో సర్క్యూట్ వరసగా పరీక్షిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పసుపు ట్యాగ్ కట్టి పంపేస్తారు. రెండు వారాల్లో మళ్ళీ వస్తుంది. యూటా రాష్ట్రంలో హిల్ వైమానిక స్థావరంలో ఉన్న ఆగ్డెన్ డిపోలో ఎఫ్-16 యుద్ధ విమానపు రాడార్ యూనిట్ ఒకటి ఇలాగే విసిగించింది. చివరికి యూనిట్‌ను వేడిచేస్తూ, వణికిస్తూ, అన్ని సర్క్యూట్లనూ ఒకేసారి గమనించే టెస్టర్ తెచ్చారు. క్షణంలో అతి చిన్న భాగం పాటు తెగిన కనెక్షన్‌ను కూడా అది పట్టేస్తుంది. ఇక రిపేరు కావని పక్కన పడేసిన యూనిట్లు చాలా మళ్ళీ వాడుకలోకి వచ్చాయి. కొత్త రాడార్లు కొనడం కంటే ఒక మంచి టెస్టర్ కొనడం ఎంతో చౌక. అయినా టెస్టర్‌కు నిధులు అడిగితే వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది, స్పేర్లకు అడిగితే వెంటనే వస్తాయి. రెండు వేర్వేరు పద్దులు మరి.

స్పేర్ దొరకనప్పుడు స్క్వాడ్రన్ చేసే పని ఒకటుంది. పక్కన ఆగి ఉన్న విమానంలోంచి ఊడదీసి దీనికి బిగించడం. 1996 నుంచి 2000 వరకు ఐదు ఆర్థిక సంవత్సరాల్లో నేవీ, ఎయిర్‌ఫోర్స్ కలిపి సుమారు 8 లక్షల 50 వేల సార్లు ఈ పని చేశాయని, దానికి 53 లక్షల అదనపు పని గంటలు పట్టాయని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2001లో లెక్క తేల్చింది. ఒక్కోదానికి 6 గంటలకు పైమాటే. అర్ధరాత్రి ఫ్లడ్ లైట్ల కింద ఒకే భాగాన్ని రెండుసార్లు ఊడదీసి, రెండుసార్లు బిగించే ఆ గంటలు విడిభాగాల ఖర్చు పద్దులో ఎక్కడా కనిపించవు.

రిపేరు కాకుండా ఫలితాన్ని కొనడం

ప్రైవేటు కంపెనీతో రిపేరు ఒప్పందం రాసుకునే పాత పద్ధతిలో ఒక వింత ఉంది. ఎన్ని రిపేర్లయితే కంపెనీకి అన్ని బిల్లులు. భాగం తరచుగా పాడవడం దానికి లాభమే. దీన్ని తిప్పి రాసేదే పర్ఫార్మెన్స్ బేస్డ్ లాజిస్టిక్స్. ఎగిరిన గంటకు ఇంత అనో, అడిగిన రెండు రోజుల్లో షెల్ఫు మీద ఉంటే ఇంత అనో కంపెనీకి కడతారు. అప్పుడు పాడవడం కంపెనీకే నష్టం కాబట్టి బేరింగ్ డిజైన్ మార్చడానికి, రిపేరు రోజులు తగ్గించడానికి అది సొంత డబ్బు పెడుతుంది. 2000లో అమెరికా నేవీ తన విమానాల సహాయక పవర్ యూనిట్ల (ప్రధాన ఇంజిన్లు కాకుండా ఉండే చిన్న ఇంజిన్ల) విషయంలో ఇలాంటి ఒప్పందం చేసుకుంది, ఆ రంగంలో ఇప్పటికీ దాన్నే ఉదాహరణగా చెబుతారు. బ్రిటన్ టోర్నడో, హ్యారియర్ విమానాల నిర్వహణలో ఇంకో దారి పట్టింది. కార్ఖానాలో లైన్ కదిలినట్టు రిపేరు పనిని దశలుగా విడగొట్టి, కంపెనీ మనుషులనూ వైమానిక దళం మనుషులనూ ఒకే స్థావరంలో కలిపి పనిచేయించింది. ఎదురుచూపులు తగ్గాయి, ఖర్చు తగ్గింది.

ఇలాంటి ఒప్పందాలకు ఓపిక కావాలి. కంపెనీ ఇవాళ డిజైన్ మీద పెట్టిన డబ్బు ఐదారేళ్ళకు తిరిగొస్తుంది, ఏడాది ఒప్పందానికి ఎవరూ పెట్టరు. వాడకం కొంత నిలకడగా ఉండాలి. సైన్యం చేతిలో సొంత రిపేరు సత్తా కూడా మిగలాలి, లేకపోతే ఒప్పందం రెన్యువల్ రోజున కంపెనీ చెప్పిందే ధర. అమెరికా చట్టం ఒక్కో సేవా విభాగం డిపో నిర్వహణ నిధుల్లో సగానికి మించి ప్రైవేటు సంస్థలకు ఇవ్వకూడదని కట్టడి పెట్టింది. రాజకీయంగా అది డిపో ఉద్యోగాల కోసమే అనే మాట ఉంది, కాదనలేం. అయినా బేరమాడే బలం కోసమూ అది కావాలి.

ఆ బలం లేకపోతే ఏమవుతుందో ఎఫ్-35 యుద్ధ విమానాల్లో కనిపిస్తుంది. ఈ విమానాల స్పేర్లు ఏ ఒక్క దేశానివీ కావు, అన్ని దేశాలూ కలిసి వాడుకునే ఒకే ఉమ్మడి నిల్వ. దాన్ని నడిపేది ప్రధాన కాంట్రాక్టర్. ఆలోచన మంచిదే, స్టాకు కలిపితే తక్కువ స్పేర్లతో పని జరుగుతుందని మన లెక్కలే చెబుతాయి. కానీ డిపోల్లో రిపేరు ఏర్పాట్లు అనుకున్న సమయానికి జరగలేదు. 2017లో జీఏఓ చూసేసరికి డిపోలు 6 ఏళ్ళు వెనకబడి ఉన్నాయి, ఒక భాగం రిపేరుకు సగటున 172 రోజులు పడుతోంది. లక్ష్యానికి అది రెట్టింపు. మన సూత్రం ప్రకారం రోజులు రెట్టింపైతే పైప్‌లైన్ రెట్టింపు. స్పేర్లు మాత్రం పాత లెక్క ప్రకారమే కొన్నారు. 2019లో రిపేరు కోసం పేరుకుపోయిన భాగాలు సుమారు 4,300. 2023 నాటికి 10 వేలు దాటాయి. ఆ ఏడాది మార్చిలో ఏదో ఒక పని మీద ఎగరగలిగే స్థితిలో ఉన్న అమెరికా ఎఫ్-35లు దాదాపు 55 శాతం. అదే ఏడాది ఇంకో జీఏఓ నివేదిక, 2018 మే నుంచి ఆ నిల్వలో 10 లక్షలకు పైగా విడిభాగాలు లెక్కకు అందకుండా పోయాయని, వాటి విలువ 8 కోట్ల 50 లక్షల డాలర్ల పైనేనని రాసింది. సబ్బు డిస్పెన్సర్లతో పోల్చి చూసుకోండి.

డిపోలు ఎందుకు వెనకబడ్డాయంటే, కొత్త విమానాల తయారీకే డబ్బు ముందు వెళ్ళింది, డిపోల వంతు తర్వాత వచ్చింది. రెండో కారణం కాగితాలు. ఒక భాగాన్ని బాగుచేయాలంటే దాని డ్రాయింగులు, టెస్టు విధానాలు, సాఫ్ట్‌వేర్ కావాలి. అవి సప్లయర్ల ఆస్తి. విమానం కొనే ఒప్పందంలో ఆ హక్కులు కూడా బేరం చేసి ఉంటే తక్కువలో వచ్చేవి. విమానాలు వందల సంఖ్యలో చేతికొచ్చాక అడిగితే ఇవ్వాల్సిన తొందర సప్లయర్‌కు ఎందుకుంటుంది? దాంతో ఎఫ్-35 కార్యక్రమం 2023 నాటికి కొన్నేళ్ళుగా ఒక చిత్రమైన పని చేస్తూ వచ్చింది. బాగుచేసి వాడటానికే తయారైన భాగాలు ఆకుపచ్చ ట్యాగులతో వరసల్లో ఉంటే, వాటి స్థానంలో కొత్తవి కొంటూ వచ్చింది. ఇది ఎంతోకాలం సాగేది కాదని కార్యక్రమం అధికారులే ఆడిటర్లకు చెప్పారు.